కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు

సంఘమును స్థాపించుట కష్టము. స్థాపించినదానిని కాలానుగుణముగ మార్చుట అంతకంటెను కష్టము. ఉద్దేశమును చెడనీయక సాధనములను మార్చగలిగిన కార్యదక్షులలో కీర్తిశేషులు లక్ష్మణరావు పంతులుగారు అగ్రగణ్యులు.

వీరు 1877 వ సంవత్సరము మే 18 వ తేదీన కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. శైశవముననే తండ్రిని గోల్పోయి, కొంతకాలమునకు నాగపురమున అక్కగారగు భండారు అచ్చమాంబగారి యింట విద్య నభ్యసించిరి. అచట మరాఠీ భాషయందు పాండిత్యము సంపాదించి, మునగాల సంస్థానమున దివానుగా నుండిరి; ఎం.ఏ. పట్టమును గూడ నందిరి.

ఆ దినములలో నైజాము రాజ్యమున తెలుగునకు ఆదరము స్వల్పము. మునగాల రాజాగారగు నాయని వేంకట రంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు మున్నగు వారితో గూడి పంతులుగారు 1901 వ సంవత్సరము సెప్టెంబరు 1 వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిరి. ఆ కీర్తి చాలునని వారు తృప్తి నొందలేదు. చదువరులకు నెలవు దొరకెను; కాని చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను బోధించు తెలుగు గ్రంథము లెచ్చట? లేని గ్రంథము నే భాండాగారము ఈయగలదు?

కావున 1906 లో హైదరాబాదుననే విజ్ఞానచంద్రికా మండలి వెలసెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాం లింకను చరిత్రము దాని మొదటి ప్రచురణము. 1908 లో మండలి చెన్నపట్టణమునకు తరలెను. పుట్టినచోటనే యుండవలెనని పంతులుగారు పట్టుపట్టలేదు. చరిత్రములు, శాస్త్రగ్రంథములు, నవలలు ఆంధ్రదేశమంతట వ్యాపించెను. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ఈ మండలి మూలముననే వెలువడెను.

అంతటితో నాగక, సకలవిషయములను అకారాదిక్రమమున దెలుపు ఆంధ్రవిజ్ఞాన సర్వస్వమునకు పూనుకొనిరి. పెక్కు వ్యాసములు తామే వ్రాసి, పరుల వ్యాసములను తామే దిద్ది, రేయింబవళ్లు శ్రమించిరి. మూడు సంపుటములు వెలువడెను. అవి యన్నియు అకారమునకు సంబంధించినవే. ఇంతలో 1923 వ సంవత్సరము జూలై మాసమున, నలువదియాఱేండ్ల ప్రాయమున, పంతులుగారు చెన్నపట్టణమున స్వర్గస్థులైరి. పని నిలిచిపోయెను. పిదప కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని మరల చేపట్టిరిగాని, లక్ష్మణరావుగారి సంకల్పము సంపూర్ణము కాలేదు.

ఇందు మనము గ్రహింపవలసినది కలదు. పలువురి చేతులమీదుగా నడచిన భాషానిలయము నేటికిని సుల్తానుబజారున నిలిచియున్నది. ఒక్కరి భుజములపై మోయబడిన సర్వస్వము ఆ భుజములతోడనే ఒరిగెను. పంతులుగారు సాధనములను మార్చుటకు వెనుదీయలేదు. తమ భారమును పంచుకొను వారసులను సిద్ధపఱచుటకు మాత్రము వారికి కాలము చాలలేదు.

మన సంఘమునందును పెద్దలు ఏర్పఱచిన పద్ధతులు కలవు. వానిని పూజించుట సులభము. వాని యుద్దేశమును గ్రహించి నేటి యక్కఱకు దిద్దుకొనుట కర్తవ్యము. పోషకులు ద్రవ్యమునే గాక పడుచువారికి బాధ్యతను గూడ నొసంగుదురు గాక! పంతులుగారి స్మృతికి మనము చేయదగిన అర్చన యిదియే.