మామా కెవీనా

మన గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహాలు ఎన్ని ఊళ్ళలో కనిపిస్తాయో మీకు తెలుసు. పరాయి దేశం నుంచి వచ్చి మేలు చేసిన మనిషిని జనం అంత తొందరగా మరచిపోరు. ఉగాండా ప్రజలు ఇంకో అడుగు ముందుకు వేశారు. ఐర్లాండు నుంచి వచ్చిన ఒక కన్యాస్త్రీ పేరును తమ భాషలో మామూలు మాటగా కలుపుకున్నారు. అక్కడ కెవీనా అంటే ఆసుపత్రి, ధర్మసంస్థ అనే అర్థాలున్నాయి. ఆ పేరు మదర్ కెవిన్ గారిది. మనకు చదువు చెప్పిన సిస్టర్ల సభ వేరు, ఆమె సభ వేరు. పని మాత్రం ఒకటే. అందుకే మన స్వర్ణోత్సవ సంచికలో ఆమె కథ చెప్పాలనిపించింది.

ఆమె అసలు పేరు తెరేసా కియర్నీ. 1875లో ఐర్లాండులోని విక్లో జిల్లాలో, ఆర్క్‌లో పట్టణం దగ్గర ఒక రైతు ఇంట పుట్టింది. పుట్టడానికి మూడు నెలల ముందే తండ్రి ప్రమాదంలో చనిపోయాడు. పదేళ్ళ వయసులో తల్లి కూడా పోతే అమ్మమ్మ పెంచింది. కొంతకాలం పంతులమ్మగా పనిచేసి, 1895లో లండను దగ్గరి మిల్‌హిల్‌లో ఫ్రాన్సిస్కన్ సిస్టర్ల మఠంలో చేరి, సిస్టర్ కెవిన్ అయింది. అమెరికాలోని నల్లజాతివారి మధ్య పనిచేయాలని ఆమె కోరిక. పిలుపు మాత్రం ఆఫ్రికా నుంచి వచ్చింది.

1902 డిసెంబరు 3న ఆరుగురు సిస్టర్లు లండను నుంచి బయలుదేరారు. వాళ్ళలో ఆమె ఒకరు. మొంబాసా రేవు నుంచి విక్టోరియా సరస్సు ఒడ్డు దాకా రైలు పట్టాలు పడింది ఆ ముందటి ఏడాదే. మన దేశం నుంచి, ముఖ్యంగా పంజాబు ప్రాంతం నుంచి వెళ్ళిన ముప్పై వేలకు పైగా కూలీలు వేసిన దారి అది. వాళ్ళలో రెండు వేల మందికి పైగా అక్కడే ప్రాణాలు వదిలారు. రైలుమార్గాల గురించి చదివినప్పుడల్లా ఇంజనీరుగా నాకు ముందు గుర్తొచ్చేది ఆ కూలీలే.

1903 జనవరి 15న సిస్టర్లు కంపాలా పక్కనున్న న్సాంబ్యా కొండకు చేరుకున్నారు. ఆసుపత్రి లేదు. ఒక మామిడిచెట్టు కింద మందులు పెట్టుకుని వైద్యం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో సరస్సు చుట్టుపక్కల నిద్రజబ్బు ఊళ్ళకు ఊళ్ళను ఖాళీ చేస్తోంది. త్సెత్సె ఈగ కుట్టడం వల్ల వచ్చే ఈ రోగానికి ఆ దశాబ్దంలో ఆ ప్రాంతంలో రెండు లక్షల మందికి పైగా బలయ్యారు. దానికి తోడు మశూచి. వచ్చినవాళ్ళకు గాయాలు కడుగుతూనే, ఆడపిల్లలను చేరదీసి చదువు, కుట్టుపని నేర్పడం కూడా అక్కడే మొదలైంది.

మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యం సామాను మోయడానికి ఆఫ్రికా మనుషులను వేల సంఖ్యలో పట్టుకెళ్ళారు. తిండి చాలక, రోగాలతో చిక్కి శల్యమై తిరిగివచ్చిన ఆ మోతకూలీలకు న్సాంబ్యా ఆసుపత్రిలో చికిత్స జరిగింది. ఆ సేవకు 1918లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు బిరుదు ఇచ్చింది. కూలీలను ఆ స్థితికి తెచ్చిందీ ఆ ప్రభుత్వమే.

ఆమె అసలు పోరాటం కాన్పుల దగ్గర సాగింది. సన్యాసవ్రతం పట్టినవారు కాన్పులు చేయరాదని అప్పటి చర్చి నియమం. కళ్ళ ముందు తల్లులు, పసిబిడ్డలు చనిపోతుంటే ఆ నియమం ఆమెకు మింగుడుపడలేదు. నియమాన్ని ధిక్కరించకుండానే ఒక దారి వెతికారు. సన్యాసిని కాని ఎవెలిన్ కానలీ అనే డాక్టరమ్మ సాయంతో 1920ల తొలినాళ్ళలో న్సాంబ్యాలో స్థానిక యువతులకు నర్సు పని, మంత్రసాని పని నేర్పే శిక్షణ మొదలైంది. ఇంకోవైపు నియమం మార్చమని పెద్దలకు విన్నవిస్తూనే ఉన్నారు. చివరకు 1936లో రోము నుంచి అనుమతి వచ్చింది.

1923లో ఎనిమిది మంది స్థానిక అమ్మాయిలతో లిటిల్ సిస్టర్స్ ఆఫ్ సెయింట్ ఫ్రాన్సిస్ అనే సభను స్థాపించారు. అది ఆఫ్రికా ఆడవాళ్ళదే. తెల్లవాళ్ళు నేర్పాలి, నల్లవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడాలి అనుకునే కాలంలో, బోధించే పనీ వైద్యం చేసే పనీ వాళ్ళ చేతుల్లో పెట్టారు. 1930లలో న్యెంగా, బులూబా అనే చోట్ల కుష్ఠురోగులకు ఆశ్రయాలు వెలిశాయి. 1942లో ఆమె స్థాపించిన నమగుంగా బాలికల కళాశాల నేటికీ ఉగాండాలో పేరున్న విద్యాసంస్థ. 1952లో, ఆఫ్రికా కోసమే పనిచేసే ఫ్రాన్సిస్కన్ సిస్టర్ల సభ విడిగా ఏర్పడితే, దానికి మొదటి అధిపతి ఆమే.

ఎనభై ఏళ్ళకు పదవి దిగాక కూడా కూర్చోలేదు. అమెరికాలోని బోస్టన్‌కు వెళ్ళి, ఆఫ్రికా పనుల కోసం చందాలు పోగుచేశారు. 1957 అక్టోబరు 17న అక్కడే కన్నుమూశారు. పార్థివదేహాన్ని ఐర్లాండుకు తీసుకువెళ్ళారు. అయితే ఉగాండా జనం ఒప్పుకోలేదు. మా అమ్మను మా మట్టిలోనే పెట్టాలని పట్టుబట్టి రప్పించుకున్నారు. లిటిల్ సిస్టర్ల మాతృగృహం ఉన్న న్‌కొకొంజేరులో ఆమె సమాధి ఉంది.

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను గమనించింది ఒకటి ఉంది. యంత్రం బిగించి వచ్చేయడం తేలిక. దాన్ని నడపగల మనుషులను అక్కడివాళ్ళలోనే తయారుచేసి రావడం కష్టం. రెండోది చేయకపోతే మొదటిది కొన్నాళ్ళకు తుప్పు పడుతుంది. మదర్ కెవిన్ గారు ఆసుపత్రి గోడల మీద కన్నా ఆ ఎనిమిది మంది అమ్మాయిల మీద ఎక్కువ నమ్మకం పెట్టుకున్నారు. ఆమె పోయి అరవై ఏళ్ళు దాటినా పని ఆగకపోవడానికి కారణం అదే.

మన స్వర్ణోత్సవ నిధితో బడి ముందు కమాను కట్టాలని కొందరు మిత్రులు అంటున్నారు. కమానుకు అంచనా వేసి ఇవ్వడం నాకు పెద్ద పని కాదు, అడిగితే వేసి ఇస్తాను. కానీ ఆ డబ్బుతో మన బడిలో చదివిన పేద ఆడపిల్లలను ఏటా ఇద్దరినైనా నర్సింగుకో, టీచరు ట్రైనింగుకో పంపగలం. నా ఓటు దానికే. కమిటీవారు, తోటి మిత్రులు ఈ మాట ఆలోచించాలని నా మనవి.