తృప్తి యను విద్య: దోర్నకల్ అజరయ్యగారి జీవితము

పరీక్షాఫలితములు వెలువడిన దినమున సూర్యాపేటలోనైనను, కోదాడ, మిర్యాలగూడలలోనైనను ఇంటికి పోవుటకు జంకు బాలబాలికలు కొందఱుందురు. పరీక్ష తప్పినచో బ్రతుకే తప్పినదని వారి భయము. అట్టివారికి ఉపాధ్యాయులు చెప్పదగిన జీవితమొకటి మన పొరుగుననే, మహబూబాబాదు జిల్లాలోని దోర్నకల్‌లో గడచినది.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి సీమలోని వెళ్ళాలన్‌విళై గ్రామమున జన్మించెను. తండ్రి క్రైస్తవ గురువు. ఆయన చిన్ననాటనే గతింపగా తల్లి ఎల్లెన్ కుమారుని భక్తిశ్రద్ధలతో పెంచెను. అజరయ్య మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితము చదివెను. పట్టపరీక్ష సమీపించిన తరుణమున జబ్బుపడి పరీక్షకు కూర్చుండలేకపోయెను. ఆ పట్టము ఆయనకు చిక్కనేలేదు. అందులకై కుములుచు కాలము గడపక, 1895లో వై.ఎమ్.సి.ఎ. కార్యదర్శిగా చేరి యువజనుల నడుమ పనిచేయసాగెను.

1903లో మిత్రులతో కలిసి తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘమును స్థాపించెను. అది భారతీయుల ధనముతో, భారతీయులచేతనే నడుపబడు సంఘము. అది ఎన్నుకొన్న క్షేత్రము నాటి నైజాము రాజ్యములోని దోర్నకల్. ఇతరులను పంపి తాను సుఖముగా నుండుట తగదని తలచి, 1909లో గురుత్వాభిషేకము పొంది తానే అచటికి వచ్చెను. మొదట కొంతకాలము గుడారమే ఇల్లు. ముప్పదియైదేండ్ల ప్రాయమున ఓనమాలనుండి తెలుగు నేర్చెను.

చెఱసాలనుండి ఫిలిప్పీ సంఘమునకు లేఖ వ్రాసిన పౌలు, తృప్తిని కష్టసుఖములలో అభ్యసించిన విద్యగా చెప్పుకొనెను. అజరయ్య నేర్చినదియు ఆ విద్యయే. అయితే ఆయన తృప్తి నోరులేని తృప్తి కాదు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, పాశ్చాత్యులు తమ భారతీయ సహచరులను సమానులుగా ఆదరించుట లేదనియు, త్యాగములకంటె స్నేహము కావలెననియు నిర్భయముగా పలికెను. పెక్కుమంది నొచ్చుకొనిరి. తనకు కలిగిన లేమిని ఓర్చుకొనుట వేఱు, తనవారికి జరుగు అవమానమును ఓర్చుకొనుట వేఱు. మొదటిది తృప్తి, రెండవది పిఱికితనము.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో ఆయనకు బిషప్పుగా అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయుడాయనయే. పదవి వచ్చినను పల్లెలు విడువలేదు. ఎద్దులబండిపై ఊరూర తిరిగి, మాల మాదిగల నడుమ కూర్చుండి, కుల భేదమును మద్యపానమును మానుడని బోధించెను. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టము నొసగెను. పట్టపరీక్ష వ్రాయలేకపోయిన విద్యార్థికి జరిగిన సన్మానమిది! దానితోను ఆయన నడవడి మాఱలేదు.

దోర్నకల్ దేవాలయ నిర్మాణము ఏండ్లతరబడి సాగి, 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. హిందూ ఆలయములను తలపించు స్తంభములు, మసీదులను తలపించు గుమ్మటములు అందు ఒక్కచోట చేరినవి.

వేర్వేరు క్రైస్తవశాఖలు ఒకటి కావలెనని 1919లో తరంగంబాడి సమావేశమునుండి ఆయన పాటుపడెను. 1945 జనవరి 1వ తేదీన కన్నుమూయునాటికి ఆ కల పండలేదు. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న గాని ఏర్పడలేదు. ఫలము కంటబడకున్నను ఆయన పని మానలేదు, నిరాశపడలేదు. ఫలము దైవాధీనమనియు, సేద్యము తన వంతనియు ఆయన విశ్వాసము.

పరీక్ష తప్పిన బాలునకు ఇంతకంటె ధైర్యవచనము వేఱొకటి ఏల?