మన కరీంనగర్ హీరో పైడి జైరాజ్

సినిమా అంటే ఇష్టం లేని విద్యార్థి మా హాస్టల్‌లో ఒక్కరు కూడా లేరు. కొత్త సినిమా వచ్చిందంటే మొదటి ఆట చూసినవాడే ఆ రోజుకు పెద్దమనిషి. ఎవరి సినిమా ఎక్కువ రోజులు ఆడింది, ఎవరి డ్యాన్సు గొప్పది, ఎవరి ఫైటు నిజం, ఎవరిది డూపు అనే పంచాయితీ స్టడీ అవర్‌లో కూడా ఆగదు. పదో తరగతి అన్నల నుండి ఐదో తరగతి తమ్ముళ్ళ వరకు అందరికీ ఒక్కో హీరో ఉన్నాడు. కానీ మన కరీంనగర్‌లో పుట్టి, బొంబాయి వెళ్ళి, సినిమాకు మాటలు రాని కాలంలోనే హీరో అయి, భారత ప్రభుత్వం సినిమా వారికి ఇచ్చే అతి పెద్ద పురస్కారాన్ని అందుకున్న మనిషి ఎవరు అని అడిగితే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం. ఆయన పేరు పైడి జైరాజ్. ఈ సంచికలో ఆయన గురించి రాయాలని మేము అనుకున్నది అందుకే.

చిత్రమేమిటంటే మనలో చాలామంది ఆయనను చూసే ఉన్నాము. టీవీలో ఎన్నోసార్లు వచ్చిన 'షోలే' (1975)లో పోలీసు కమిషనర్‌గా కాసేపు కనిపించే పెద్దమనిషి ఆయనే. అమితాబ్ 'డాన్' (1978)లోనూ ఉన్నారు. చూశాము, మరిచిపోయాము. ఆ పెద్దాయన మన ఊరివాడని మనకు ఎవరూ చెప్పలేదు.

జైరాజ్ 1909 సెప్టెంబరు 28న కరీంనగర్‌లో జన్మించారు. అసలు పేరు పైడిపాటి జైరూల నాయుడు. అప్పుడు మన ప్రాంతమంతా నిజాం రాజ్యంలో ఉండేది. కచేరీలో ఉర్దూ, ఇంట్లో తెలుగు, అంగడిలో రెండూ కలిసిన మాట. జైరాజ్ హైదరాబాద్‌లోని నిజాం కాలేజీలో చదువుకున్నారు. అక్కడే నాటకాల మీద, సినిమాల మీద మనసు పడింది. మంచి ఒడ్డూ పొడుగూ, దిట్టమైన శరీరం. చదువుకున్న ఇంటి పిల్లలు సినిమాల్లో చేరడం పరువు తక్కువ అనుకునే రోజులవి. ఆయన మాత్రం 1929 నాటికి బొంబాయి చేరుకున్నారు.

ఇప్పుడు హీరో కావాలంటే ఏమేమి కావాలో మనకు తెలుసు. తండ్రో మామో పరిశ్రమలో ఉంటే సగం పని అయినట్లే. జైరాజ్‌కు బొంబాయిలో అటువంటి అండ లేదు. 1929లో 'జగ్‌మగాతీ జవానీ' అనే మూకీ సినిమాతో తెర మీదికి వచ్చారు. మరుసటి ఏడాదే 'రసీలీ రాణీ'లో హీరో అయ్యారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై, ఇరవై ఒకటి. మన సీనియర్ అన్నలు డిగ్రీ చదివే వయస్సన్న మాట!

మూకీ అంటే ఈ తరం పిల్లలకు కొంచెం చెప్పాలి. తెర మీద బొమ్మ కదులుతుంది, మాట వినపడదు. మధ్యమధ్య అక్షరాల పలక వస్తుంది. చదువు రాని వారి కోసం హాలులో ఒకాయన నిలబడి కథ చెబుతుండేవాడు. పక్కన హార్మోనియం, తబలా వాయించేవారు. నటుడికి గొంతు పనికిరాదు కాబట్టి కన్ను, చేయి, నడకే ఆధారం. గుర్రం స్వారీ, కత్తిసాము వచ్చినవాడికి గిరాకీ ఎక్కువ. ఇప్పటిలా కంప్యూటర్‌లో మంటలు పుట్టించడం, తాళ్ళు కట్టి గాలిలో ఎగరేయడం లేవు. దూకాలంటే దూకాల్సిందే. జైరాజ్ అటువంటి మూకీలు పదకొండు చేశారని లెక్క చెబుతారు. వాటిని చూసి మన అభిప్రాయం చెబుదామంటే కుదరదు. ఆనాడు దేశంలో తయారైన సుమారు 1300 మూకీలలో చాలా కొద్ది మాత్రమే మిగిలాయి. మంట త్వరగా అంటుకునే ఫిలిం కొంత కాలిపోయింది, కొంత పాడైపోయింది. ఇంకొంత ఫిలింను అందులోని వెండి కోసమే కరిగించేశారు. పూనాలో జాతీయ ఫిలిం ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికే పోవలసినవి పోయాయి.

1931 మార్చి 14న 'ఆలం ఆరా' విడుదలయింది. సినిమా మాట్లాడింది. చాలామంది మూకీ నటులకు ఇది పెద్ద దెబ్బ. ముఖం బాగుండి భాష రాని వారు ఒక్కసారిగా వెనుకబడిపోయారు. జైరాజ్ నిలబడ్డారు. 1932లో 'షికారీ'తో టాకీలలోకి వచ్చి, ఆ తరువాత ముప్పై ఏళ్ళ పాటు హీరో వేషాలు వేశారు. ఎందుకు నిలబడ్డారు? మా అభిప్రాయం ఒకటి చెబుతాము. ఆయనకు ఉర్దూ వచ్చు. పరాయి భాషగా నేర్చుకున్నది కాదు, పుట్టి పెరిగిన రాజ్యంలో గల్లీగల్లీలో వినిపించిన భాష. మన తెలుగులో ఉర్దూ కలిసిందని ఎన్నో ఏళ్ళు తెలుగు సినిమాలు మనల్ని చూసి నవ్వాయి. మన యాసను రౌడీకి, హాస్యగాడికి, పనివాడికి పెట్టాయి. హాలులో కూర్చుని మన మాటకు మనమే నవ్వుకున్నాము కూడా. 'ఫిదా' (2017) వచ్చాకే మన యాస హీరోయిన్ నోట ఘనంగా వినిపించింది. 'బలగం' (2023) వచ్చాకే సిరిసిల్ల దిక్కు ఊరి మాటతో ఇల్లిల్లూ కంటతడి పెట్టింది. కానీ అంతకు తొంభై ఏళ్ళ ముందే, ఈ గడ్డ మీది భాషే ఒక కరీంనగర్ యువకుడిని బొంబాయి తెర మీద నిలబెట్టింది. హాస్టల్‌లో ఎవరైనా మన మాటను వెక్కిరిస్తే ఈ ముచ్చట చెప్పవచ్చు.

బాంబే టాకీస్ అప్పట్లో దేశంలోని పెద్ద స్టూడియోలలో ఒకటి. ఆ సంస్థ 'భాభీ' (1938)లోనూ, 'హమారీ బాత్' (1943)లోనూ జైరాజ్ హీరో. 'హమారీ బాత్' దేవికారాణి నటించిన చివరి సినిమా. అప్పటికింకా కుర్రవాడైన రాజ్‌కపూర్ అందులో చిన్న వేషం వేశాడు. 1945లో అదే సంస్థకు జైరాజ్ 'ప్రతిమ' అనే సినిమాకు దర్శకత్వం వహించారు. అందులో హీరో ఎవరనుకున్నారు? దిలీప్‌కుమార్! అది ఆయనకు రెండో సినిమా. తరువాత దేశమంతా కొలిచిన నటుడికి తొలి రోజుల్లో దర్శకుడు మన కరీంనగర్ వాడు. 1946లో సైగల్ నటించిన 'షాజహాన్'లో కూడా జైరాజ్ ఉన్నారు. 1951లో నర్గీస్‌తో 'సాగర్' అనే సినిమాను స్వయంగా నిర్మించి దర్శకత్వం చేశారు. ఆ సినిమాను ఇప్పుడు తలుచుకునేవారు అరుదు.

అభిమానులు ఆయనను ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది చారిత్రక, జానపద వేషాలలో. 1956లో 'అమర్‌సింగ్ రాథోడ్', అదే సంవత్సరం హోమీ వాడియా తీసిన రంగుల సినిమా 'హాతిమ్‌తాయ్', 1959లో 'టిప్పు సుల్తాన్', 'పృథ్వీరాజ్ చౌహాన్', 1960లో 'వీర్ దుర్గాదాస్', 1961లో నిరూపారాయ్‌తో 'రజియా సుల్తానా'. మన వైపు రాజు వేషానికి, జానపదానికి ఎన్టీఆర్, కాంతారావు ఎలాగో, హిందీలో కొన్నాళ్ళు జైరాజ్ అలా అనుకోవచ్చు. అయితే ఉన్న మాట చెప్పాలి. ఈ సినిమాలన్నీ గొప్పవి కావు. చాలా వాటిలో కోటలు అట్టవే, యుద్ధానికి సైన్యం తక్కువే. దిలీప్‌కుమార్, రాజ్‌కపూర్, దేవానంద్ సినిమాలకు పెట్టిన ఖర్చులో కొంత కూడా వీటికి పెట్టలేదని చూస్తే తెలుస్తుంది. అందుకే పెద్ద నటుల జాబితా చెప్పేవారు ఆయన పేరు దాటి పోతుంటారు. మా మాట ఏమంటే, ఆ సినిమాలు చిన్న ఊర్ల టాకీసుల్లో నేల టికెట్టు వారి కోసం తీసినవి. వారి ఈలలు ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు.

1963లో ఆయన 'చంద్రశేఖర్ ఆజాద్' వేషం వేశారు. ఆజాద్ అలహాబాదు ఆల్ఫ్రెడ్ పార్కులో పోలీసులతో పోరాడి అమరుడైంది 1931 ఫిబ్రవరి 27న, ఇరవై నాలుగేళ్ళ వయస్సులో. జైరాజ్‌కు అప్పటికి యాభై మూడు దాటాయి. అరవై ఏళ్ళ హీరో కాలేజీ విద్యార్థిగా వస్తే మనం నవ్వుకుంటాం కదా, దీనికీ నవ్వవచ్చు. కానీ ఒక్క లెక్క చూడండి. ఆజాద్ పుట్టింది 1906లో, జైరాజ్ 1909లో. ఇద్దరూ ఒకే ఈడు వారు. ఆజాద్ నేలకొరిగిన రోజుల్లో జైరాజ్ బొంబాయిలో మూకీలు చేస్తున్నారు. పుస్తకం చదివి తెలుసుకున్న వీరుడు కాదు, తన కాలపు మనిషి. అదే సంవత్సరం గాంధీజీ హత్య మీద మార్క్ రాబ్సన్ తీసిన ఇంగ్లీషు సినిమా 'నైన్ అవర్స్ టు రామ'లో ఘనశ్యామ్‌దాస్ బిర్లా పాత్ర ధరించారు. ఆ సినిమాను మన దేశంలో నిషేధించారు.

హీరో వేషాలు అయిపోయాక చాలామంది ఇల్లు కదలరు. లేదంటే పాత వైభవం చెప్పుకుంటూ కూర్చుంటారు. జైరాజ్ డాక్టరుగా, జడ్జిగా, పోలీసు అధికారిగా, తండ్రిగా రెండు మూడు సీన్ల వేషాలు వేస్తూ పోయారు. ఒకనాడు తన పేరు మీద హాళ్ళు నిండిన మనిషి, నిన్న మొన్న వచ్చిన కుర్ర హీరో పక్కన నిలబడి నాలుగు మాటలు చెప్పి వెళ్ళడం తేలిక కాదు. ఇంటి ఖర్చుల కోసమే చేశారని అనేవారు ఉంటారు. అయితే మాత్రం ఏమి? మన ఇళ్ళల్లో తల్లిదండ్రులు ముసలితనంలో కూడా పనికి పోవడం మనం చూస్తూనే ఉన్నాము. దానిని ఎవరూ తక్కువ పని అనరు.

1980 సంవత్సరానికి గాను ఆయనకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. తెలుగువారిలో అంతకు ముందు దీన్ని అందుకున్నది బి.ఎన్.రెడ్డి (1974) ఒక్కరే. ఎల్.వి.ప్రసాద్, నాగిరెడ్డి, అక్కినేని, రామానాయుడు, విశ్వనాథ్ అందరూ జైరాజ్ తరువాతే. తెలంగాణ నుండి ఆయనే మొదటివారు. మన జిల్లాకు 1988లో సినారె తెచ్చిన జ్ఞానపీఠం గురించి ఉపన్యాస పోటీల్లో అందరమూ చెబుతాము. అంతకు ముందే వచ్చిన ఫాల్కే గురించి ఏ పోటీలోనూ వినలేదు. ఆయన పేరు హిందీ తెర మీద వెలిగినందువల్ల తెలుగు సినిమా చరిత్ర రాసేవారు మనవాడు కాదనుకున్నారు. హిందీ వారికి కరీంనగర్ ఎక్కడుందో అక్కర లేదు. ఇద్దరి మధ్యా ఆయన మిగిలిపోయారు.

జైరాజ్ 2000 ఆగస్టు 11న ముంబయిలో కన్నుమూశారు. తొంభై నిండిన జీవితంలో డెబ్బై ఏళ్ళ సినిమాను ఆయన లోపలి నుండి చూశారు. మూకీ, టాకీ, రంగులు, సినిమాస్కోపు, చివరికి ఇంటింటా టీవీ.

ప్రత్యేక రాష్ట్రం వచ్చాక హైదరాబాద్ రవీంద్రభారతిలోని ప్రివ్యూ థియేటర్‌కు పైడి జైరాజ్ పేరు పెట్టారు. పెద్ద హాలేమీ కాదు. కొత్తగా సినిమా నేర్చుకుంటున్న యువకులు అప్పు చేసి, స్నేహితులనే నటులుగా పెట్టి తీసిన చిన్న చిత్రాలను 'సినివారం' పేరుతో శనివారాల్లో అక్కడ వేశారు. వాటిలో చాలా వరకు మన యాసలోనే ఉన్నాయి.