కొయ్య నెరిగిన నకషిమా

జార్జి నకషిమా 1905లో అమెరికాలో జపాను దంపతులకు జన్మించెను. వాస్తుశిల్పియై, పుదుచ్చేరిలో 1937లో మొదలైన అరవిందాశ్రమ వసతిగృహ నిర్మాణమును పర్యవేక్షించెను. నిజాము ప్రభుత్వము ధనమొసగినందున, ఒకనాడు బందరు రేవునేలిన మన గోల్కొండ పేరే ఆ భవనమునకు పెట్టిరి. దానికి కావలసిన కొయ్యసామానును కూడ ఆయనయే రూపొందించెను.

1942లో, జపానుతో యుద్ధము సాగుచుండగా, అమెరికా ప్రభుత్వము ఆయనను భార్యతోను, పసిబిడ్డతోను ఐడహో ఎడారిలోని నిర్బంధ శిబిరమునకు పంపెను. వారు చేసిన నేరమేమియు లేదు. వారిది జపాను వంశము, అంతియే. అచట హికొగవా యను జపాను వడ్రంగి ఆయనకు గురువయ్యెను. లాగినపుడు కోయు జపాను రంపమును పట్టుట, మేకు లేకుండ కొయ్యకు కొయ్యను కూర్చుట, అన్నింటికంటె ముఖ్యముగా, తొందరపడకుండుట నేర్చెను.

1943లో విడుదలై పెన్సిల్వేనియా చేరి, అచట కర్మశాల నెలకొల్పెను. బీటవారిన పలకను పెక్కుమంది వడ్రంగులు పారవేయుదురు. నకషిమా మాత్రము 1990లో మరణించువరకు అట్టి పలకలను ఏరి, బీటకు అడ్డముగా సీతాకోకచిలుక రూపపు చీలను బిగించి, బల్లపై అందరికిని కనబడునట్లే యుంచెను.