సర్ విలియం బ్రాగ్ గారు

సముద్రగర్భమున సంచరించు నౌకను చెవితో కనిపెట్టు విద్యకై పాటుపడిన సర్ విలియం హెన్రీ బ్రాగ్ గారి జీవితమును మన విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

వీరు 1862వ సంవత్సరమున ఇంగ్లండులోని కంబర్లండు సీమలో జన్మించిరి. 1886లో ఆస్ట్రేలియాలోని అడిలైడు నగరమునకు ఆచార్యులుగా వెళ్లి, 1909లో స్వదేశమునకు మరలివచ్చిరి. ఎక్స్ కిరణములతో స్ఫటికముల నిర్మాణమును తెలిసికొన్నందుకు 1915లో వీరికిని, జ్యేష్ఠపుత్రుడగు లారెన్సునకును కలిపి నోబెలు బహుమానము లభించెను. ఆ యేటనే రెండవ కుమారుడు రాబర్టు గలిపోలి యుద్ధమున మరణించెను.

పుత్రశోకము తీరకమునుపే, 1916లో, స్కాట్లండు తీరమునగల హాక్‌క్రెయిగ్‌లో జలాంతర్గాముల ధ్వనిని పట్టు పరిశోధనలకు వీరు పెద్దయైరి. నీట ముంచిన హైడ్రోఫోను అను యంత్రము నౌకాయంత్రముల ధ్వనిని వినిపించును గాని దిక్కును తెలుపదు. అందుచే వీరును సహచరులును ఇరువైపుల నీరు తగులు పలకగల హైడ్రోఫోనును నిర్మించిరి. దానిని త్రిప్పుచుండగా, పలక అంచు నౌకకు ఎదురైనప్పుడు ఇరువైపుల ఒత్తిడి సమమై ధ్వని సన్నగిల్లును. దానినిబట్టి దిక్కు తేలును.

యుద్ధము ముగిసిన పిమ్మట, 1919లో, లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనున బాలబాలికలకు ధ్వనినిగూర్చి క్రిస్మసు ఉపన్యాసము లిచ్చిరి. 1942లో దివంగతులైరి. తమ కుమారుని కోల్పోయియు, సముద్రముపై నున్న పరుల కుమారులను కాపాడుటకై శ్రమించిన ఈ తండ్రిని మనము మరువరాదు.