నీటి దారి నెరిగిన నిర్మాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య
(సెప్టెంబరు 15 ఇంజనీర్ల దినోత్సవం – ప్రత్యేక వ్యాసం)

పెందుర్తి, సెప్టెంబరు 15: భారతరత్న సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య జయంతిని దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నాము. జలాశయాల నిర్మాతగా ప్రసిద్ధికెక్కిన ఆ మహనీయుని కార్యవిధానము, తుపానులను, కుండపోత వర్షాలను తట్టుకొనవలసిన నేటి రహదారులకు సైతం మార్గదర్శకమై యున్నది.

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న నేటి కర్ణాటకలోని ముద్దెనహళ్ళిలో జన్మించారు. వారి పూర్వీకులు గిద్దలూరు సమీపమందలి మోక్షగుండం గ్రామమునకు చెందిన తెలుగువారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయినప్పటికీ పట్టుదలతో చదివి, పూనాలో ఇంజనీరింగ్ పట్టా పొంది, బొంబాయి ప్రజా పనుల శాఖలో చేరారు. ఆయన రూపొందించిన స్వయంచాలక వరద తలుపులు ఖడక్‌వాస్లా జలాశయంలో అమర్చబడినవి.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తి, సుమారు 15,000 మందిని బలిగొన్నది. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకొనిపోయినవి. నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై 1909లో అచటికి వచ్చిన విశ్వేశ్వరయ్య, నగరంలోని శిథిలాల వద్దనే ఆగిపోలేదు. ఎగువ పరీవాహక ప్రాంతంలో కురిసిన వర్షమెంత, గండిపడిన చెరువులెన్ని, వరద ఏ దారిన వచ్చినదన్న విషయాలను లెక్కగట్టారు. ఆ పిమ్మటనే ఎగువన వరద నివారణ జలాశయాలు నిర్మించవలెనని సూచించారు. ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమైనవి.

1912 నుంచి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేసిన ఆయన, పదవీ విరమణానంతరం కూడా తమ అనుభవాన్ని ప్రజలకే వినియోగించారు. 1944లో ప్రారంభమైన తిరుమల తొలి ఘాట్ రోడ్డు రూపకల్పనతోను, సముద్రపు కోత నుంచి విశాఖ ఓడరేవు రక్షణతోను ఆయన పేరు ముడిపడి యున్నది. 1955లో భారతరత్న పురస్కారం పొంది, 1962 ఏప్రిల్‌లో పరమపదించారు.

ముందు నీటిని కొలిచి, తరువాత నిర్మాణం చేపట్టుట ఆయన పద్ధతి. కొండవాలున నీటి దారిని విస్మరిస్తే ప్రమాదమెంతటిదో, 2021లో భారీ వర్షాలకు కొండచరియలు విరిగిపడి తిరుమల రెండవ ఘాట్ రోడ్డు దెబ్బతిన్నప్పుడు మరల వెల్లడైనది. విశాఖ జిల్లాకు 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను మరువరాని పాఠం.

సింహాచలం కొండలకు చేరువలో, మేఘాద్రిగెడ్డ జలాశయానికి సమీపాన గల పెందుర్తికి ఈ పద్ధతి మిక్కిలి అవసరం. అనకాపల్లి, ఆనందపురం, అరకు దిశలకు వెళ్ళు వాహనాలు ఇచటి మార్గాలపైనే సాగుతున్నవి. కొండపై కురిసిన వాన గెడ్డల ద్వారా పల్లానికి చేరును. ఆ గెడ్డను పూడ్చి వేసిన రోడ్డు, చాలినంత వెడల్పు లేని కల్వర్టు, పూడిక తీయని పక్క కాలువ నీటిని రోడ్డుపైనే నిలుపును. నిలిచిన నీరు తారు, కంకరల పట్టును సడలించి, అడుగు మట్టిని మెత్తబరచగా, వాహనాల బరువుకు గోతులేర్పడును. ఆ గోతులలో పడి గాయపడేది, ప్రాణాలు కోల్పోయేది సామాన్య ప్రయాణికులే.

కావున పైపూతతో సరిపుచ్చక, పరీవాహక ప్రాంతాన్ని, వర్షపాతాన్ని లెక్కించి కల్వర్టులను నిర్ణయించుట, వానకాలానికి ముందే కాలువలను శుభ్రపరచుట, గెడ్డలను ఆక్రమణల నుంచి కాపాడుట ఆ మహా ఇంజనీరుకు సముచితమైన నివాళి కాగలదు.

(జిల్లా పౌర సంబంధాల అధికారి, విశాఖపట్నం వారిచే జారీ చేయబడినది)