పూసపాటి కుమారస్వామి రాజా

తమిళనాడులో పశ్చిమ కనుమల పాదాన ఉన్న పట్టణం రాజపాళయం. కొన్ని శతాబ్దాల క్రితం తెలుగు నేల నుండి వలస వచ్చిన రాజుల ఇళ్ళలో అక్కడ నేటికీ తెలుగు వినిపిస్తుంది. ఆ ఊరిలో 1898 జూలై 8న పూసపాటి సంజీవి కుమారస్వామి రాజా జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, అవ్వ పెంపకంలో పెరిగారు.

యువకుడిగా ఉన్నప్పుడే ఆయన గాంధీజీ మార్గం పట్టారు. కాంగ్రెసులో చేరి, ఖద్దరు ధరించి, ప్రజల మధ్య పని చేశారు. స్వరాజ్యం ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియని రోజులవి. 1922లో సహాయ నిరాకరణ ఆగింది. 1934లో శాసనోల్లంఘన ఆగింది. ఎందరో నీరసించారు. ఆయన మాత్రం నిరుత్సాహపడలేదు. సత్యాగ్రహం చేసి జైలుకు వెళ్ళారు. తిరిగి వచ్చి మళ్ళీ పనిలో దిగారు.

1947లో స్వాతంత్ర్యం వచ్చింది. 1949 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్ర ప్రభుత్వ సారథ్యం ఆయనకు దక్కింది. తమిళ, తెలుగు, మలయాళ, కన్నడ ప్రాంతాలు కలిసి ఉన్న పెద్ద రాష్ట్రమది. 1950 జనవరి 26న భారతదేశం గణతంత్రమైనప్పుడు అక్కడి ముఖ్యమంత్రి ఆయనే.

1952 ఎన్నికలలో ఆయన ఓడిపోయారు. అయినా ప్రజాసేవ మానలేదు. 1954 నుండి 1956 వరకు ఒరిస్సా గవర్నరుగా పనిచేశారు. రాజపాళయంలోని తన ఇంటిని గాంధీ కళా మన్రానికి దానం చేశారు. 1957లో కన్నుమూశారు.

గెలుపు ఉత్సాహాన్నిస్తుంది. కాని గెలుపు దూరంగా ఉన్నప్పుడు నిలిచే ఉత్సాహమే గొప్పది. అది చేసే పని మీది ప్రేమ నుండి పుడుతుంది.